ముప్పావు గంట తేడా

2004 డిసెంబరు 26వ తేదీ, ఆదివారం. ఉదయం ఆరున్నర కావడానికి ఒక నిముషం ముందు సుమత్రా దీవికి పడమటగా సముద్రగర్భం చీలింది. ఆ చీలిక అక్కడితో ఆగలేదు. నికోబారు దీవుల క్రిందుగా, అండమాన్ దీవుల క్రిందుగా ఉత్తరదిశకు పరుగెత్తి, సుమారు పది నిముషాలలో ఇంచుమించు 1,300 కిలోమీటర్ల పొడవున భూమి పొరను కదిలించివేసింది. తరువాత జరిగిన ఘోరం అందరికీ తెలిసినదే. కార్ నికోబారులోని వైమానికదళ స్థావరం తుడిచిపెట్టుకుపోయింది. దేశపు దక్షిణాగ్రమైన ఇందిరా పాయింటు నాలుగు మీటర్లకు పైగా కుంగి, అక్కడి దీపస్తంభపు పాదం నీటిలో మునిగింది. ఆ దీవులలో మరణించినవారు, జాడ తెలియకుండా పోయినవారు కలిసి వేల సంఖ్యకు చేరారు. రెండున్నర గంటల తరువాత అదే కెరటం మన తూర్పు తీరాన్ని తాకింది. ఆంధ్ర తీరంలోనే నూరుమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

ఆ ఉదయం పోర్టు బ్లెయిరు రేవులో ఒక చిన్న యంత్రం మాత్రం తన పని తాను చేసుకుంటూ పోయింది. అది ఆటుపోట్లను కొలిచే యంత్రం. నీరు ఎంత ఎత్తున ఉన్నదో, ఏ వేళకు ఉన్నదో నమోదు చేయడమే దాని పని. కెరటాల రాకపోకలను అది వ్రాసి పెట్టింది. నేల సుమారు ఒక మీటరు కుంగిపోయిన సంగతిని కూడా, నీటిమట్టం పెరిగిన రూపంలో, వ్రాసి పెట్టింది. అంత మహా భూకంపాన్ని అంత సమీపంనుండి చూసిన సాక్షి మరొకటి లేదనవచ్చు. అందుచేత ప్రపంచంలోని శాస్త్రజ్ఞులందరి దృష్టీ ఆ నమోదుపై పడింది. ద్వీపం ఒక్కసారిగా కుంగినదా, మెల్లమెల్లగా కుంగినదా అన్న ప్రశ్నకు సమాధానం అందులో ఉన్నది.

అయితే సాక్షి చెప్పిన సమయం సరియైనదేనా? 2006లో మెక్సికో, భారతదేశాల శాస్త్రజ్ఞులు కలిసి ప్రచురించిన పరిశీలనలో ఒక వింత బయటపడింది. ఆ యంత్రపు గడియారం సుమారు ముప్పావు గంట తేడాగా నడుస్తున్నది. నీటి ఎత్తు నిజమే, వేళ మాత్రం నిజం కాదు. భూకంప శాస్త్రంలో ముప్పావు గంట స్వల్పమైన కాలం కాదు. అంతసేపటిలో కెరటం సముద్రంపై వందల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఆ తేడాను సవరించని లెక్క ఎంత పెద్ద కంప్యూటరుపై చేసినప్పటికీ, ఎంత సొగసుగా చిత్రించినప్పటికీ, భూమి చేయని పనిని చేసినట్లు చూపిస్తుంది.

ఒక తండ్రి ప్రశ్న

ఈ సంగతిని ఇప్పుడు ప్రస్తావించడానికి కారణం పోర్టు బ్లెయిరునుండి వచ్చిన ఒక ఉత్తరం. ఆ నగరానికి 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చారు; ఉత్తరం వ్రాసిన పెద్దమనిషి మాత్రం పాత అలవాటు కొద్దీ పోర్టు బ్లెయిరు అనే వ్రాశారు. వారి తాతగారు శ్రీకాకుళం జిల్లానుండి చేపల వేటకై వెళ్ళి అక్కడనే స్థిరపడ్డారట. అటువంటి కుటుంబాలు ఆ దీవులలో అనేకం. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి సుమారు పదముగ్గురి మాతృభాష తెలుగు.

వారు అడిగినది ఇది: "మా అమ్మాయికి ఫిజిక్సు అంటే ప్రాణం. ఎం.ఎస్సీ. చదివి సముద్రంమీద పరిశోధన చేస్తానంటున్నది. తీరా విచారిస్తే, ఫిజిక్సు చదివేవారు సైతం ప్రోగ్రాములు వ్రాయడం, లెక్కల సమాచారాన్ని పరిష్కరించడం నేర్చుకొనవలసినదే అని చెబుతున్నారు. ఎలాగూ కంప్యూటరే నేర్వవలసి ఉన్నప్పుడు, నేరుగా కంప్యూటరు కోర్సులో చేరితే పోదా? మధ్యలో ఈ ఫిజిక్సు దేనికి?"

ప్రశ్న సహేతుకమైనదే. బిడ్డ భవిష్యత్తును గూర్చి ఆలోచించే ఏ తండ్రి అయినా అడగదగినదే. అయితే దీనికి సమాధానం చెప్పాలంటే ముందుగా సముద్రం లెక్కలోనికి ఎలా వస్తుందో చూడాలి.

సముద్రం గడులుగా మారే విధం

సునామీ కెరటపు వేగం నీటి లోతుపై ఆధారపడి ఉంటుంది. లోతును గురుత్వ త్వరణంతో గుణించి వర్గమూలం కడితే వేగం వస్తుంది. నాలుగు వేల మీటర్ల లోతున ఆ కెరటం గంటకు 700 కిలోమీటర్లకు పైగా, అనగా విమానంతో సమానంగా పోతుంది. వేయి మీటర్ల లోతున దాని వేగం సుమారు 350 కిలోమీటర్లకు తగ్గుతుంది. పది మీటర్ల లోతున సుమారు 36 కిలోమీటర్లే. ముందరి నీరు నెమ్మదించగా వెనుకటి నీరు వచ్చి దానిపై పడుతుంది. నడిసముద్రంలో ఓడవారికి సైతం తెలియని కెరటం ఒడ్డున గోడవలె లేవడానికి కారణం ఇదే.

ఇంతవరకు కాగితం, కలం చాలును. కాని బంగాళాఖాతం అడుగు చదునైన పళ్ళెం వంటిది కాదు. అందులో కొండలు, లోయలు, దీవులు, ఇసుక మెట్టలు కలవు. అటువంటి చోట సమీకరణానికి ఒక్క గీతతో సమాధానం దొరకదు. కాబట్టి సముద్రాన్ని చిన్న చిన్న గడులుగా విభజిస్తారు. ఒక్కొక్క గడికి లోతు, నీటి ఎత్తు, ప్రవాహవేగం వ్రాసుకొని, కొన్ని క్షణాల తరువాత ఆ గడిలో నీరు ఎంత ఉంటుందో ఇరుగుపొరుగు గడులనుబట్టి లెక్కిస్తారు. ఆపైన మరికొన్ని క్షణాలు, మళ్ళీ లెక్క. ఇలా లక్షలాది గడులకు వేలాది సార్లు చేయాలి. గడి పొడవును సగానికి తగ్గిస్తే గడుల సంఖ్య నాలుగింతలవుతుంది. కాలపు మెట్టును కూడా సగం చేయవలసి వస్తుంది గనుక శ్రమ ఎనిమిదింతలవుతుంది. మనిషి ఆయుర్దాయం చాలని ఈ పనికే కంప్యూటరు కావలసి వచ్చినది.

ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. గడి పొడవు రెండు కిలోమీటర్లు అనుకుందాం. లోతైన చోట కెరటం దానిని దాటడానికి పది సెకనులు పడుతుంది. లెక్కకు ఎన్నుకున్న కాలపు మెట్టు అంతకంటె తక్కువ ఉండాలి. ఆ నియమం తెలియని విద్యార్థి నిముషానికొకసారి లెక్క కడితే చాలునని భావించాడనుకోండి. కెరటం ఒక్క మెట్టులో ఆరు గడులు దూకవలసి వస్తుంది. లెక్కకు అది సాధ్యం కాదు. నాలుగు మెట్లు తిరిగేసరికి నీటి ఎత్తు పది మీటర్లు, వంద మీటర్లు, లక్ష మీటర్లు అని చూపుతూ ప్రోగ్రాము మతి తప్పుతుంది. ఇది ఒక విధంగా మంచి తప్పు, ఎందుకనగా చూడగానే తెలిసిపోతుంది.

కంటికి కనబడని తప్పులే ప్రమాదకరమైనవి. భూకంప కేంద్రాలు ప్రపంచ ప్రామాణిక కాలాన్ని వాడుతాయి. మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. రెండు రకాల సమయాలను ఒకే వరుసలో కలిపితే ఏ యంత్రమూ అభ్యంతరం చెప్పదు. ఒక దేశం నీటిమట్టాన్ని మీటర్లలో పంపుతుంది, మరొకటి సెంటీమీటర్లలో పంపుతుంది. ఒక పటంలో లోతు ధనసంఖ్య, మరొక పటంలో ఋణసంఖ్య. యంత్రం పనిచేయని వేళ ఖాళీకి బదులు 9999 వంటి గుర్తు వేసే ఆచారం ఉన్నది. దానిని నిజమైన నీటిమట్టమని నమ్మి సగటు తీసినవాడు లేని ఉప్పెనను కనుగొంటాడు. ఇటువంటి పొరపాట్లకు మహామహులు కూడా అతీతులు కారు. 1999లో అమెరికావారు అంగారక గ్రహానికి పంపిన వ్యోమనౌక ఒకటి నాశనమైనది. బలాన్ని ఒక బృందం బ్రిటిషు కొలతలో ఇవ్వగా, మరొక బృందం దానిని మెట్రిక్ కొలతగా స్వీకరించడమే అందుకు కారణం.

పోర్టు బ్లెయిరు గడియారపు సంగతి కూడా ఈ కోవలోనిదే. ఆటుపోట్లు చంద్రసూర్యుల ఆకర్షణవలన కలుగుతాయి. ఫలానా రేవులో ఫలానా నిముషాన నీరు ఎంత ఎత్తున ఉండాలో ముందుగానే గణించవచ్చు. యంత్రం వ్రాసిన వక్రరేఖను ఆ గణితంతో సరిపోల్చితే, రెండూ ఒకే ఆకారంలో ఉండి ప్రక్కకు జరిగి కనబడతాయి. ఎంత జరిగినదో అంతే గడియారపు తప్పు. ఇందుకు ప్రోగ్రాము వ్రాయడం రావాలి; నిజమే. కాని ఆ విధంగా సరిపోల్చి చూడాలన్న ఆలోచన రావాలంటే ఆటుపోట్ల భౌతికశాస్త్రం తెలిసి ఉండాలి. వంటవానికి కత్తి పట్టడం రావాలి. కాని కత్తి పట్టినవాడల్లా వంటవాడు కాడు.

హైదరాబాదులో సముద్రం

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాదు నగరంనుండి అండమాన్ సముద్రాన్ని కాపలా కాస్తున్నారంటే చిత్రంగా తోస్తుంది. 1999లో అక్కడ భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ఏర్పడింది. సునామీ అనంతరం, 2007 అక్టోబరులో, అదే ప్రాంగణంలో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం పని ప్రారంభించింది. 2011నుండి ఆస్ట్రేలియా, ఇండోనీషియాలతో పాటు హిందూ మహాసముద్ర దేశాలన్నింటికీ సమాచారం అందించే బాధ్యతను కూడా స్వీకరించింది.

అక్కడి పని తీరును గమనిస్తే మన ప్రశ్నకు సగం సమాధానం దొరుకుతుంది. భూకంపం వచ్చిన తరువాత సముద్రమంతటినీ గడులుగా చేసి లెక్క మొదలుపెడితే, లెక్క పూర్తికాకముందే కెరటం నికోబారును తాకవచ్చును. అందుచేత, రాబోయే భూకంపం ఎక్కడ, ఎంత లోతున, ఎంత తీవ్రతతో రావచ్చునో ఊహించి వేలకొలది సందర్భాలను ముందుగానే లెక్కకట్టి భద్రపరిచారు. భూకంపం సంభవించిన పది నిముషాల ప్రాంతంలో దాని స్థానం, పరిమాణం అంచనా వేసి, వాటికి సరిపోయే సందర్భాన్ని ఆ భాండారంనుండి తీస్తారు. సముద్రగర్భంలో మూడు నాలుగు కిలోమీటర్ల లోతున ఉంచిన యంత్రాలు నీటి ఒత్తిడిని కొలిచి, పైన ఒక సెంటీమీటరు మార్పు వచ్చినా పసిగడతాయి. ఆ కబురు ఉపగ్రహం ద్వారా వస్తుంది.

అయితే గంట లోపల కెరటం తాకగల ప్రాంతాలకు ఆ కబురు వచ్చేవరకు ఆగే వ్యవధి లేదు. అటువంటి చోట్లకు భూకంపపు వివరాలనుబట్టియే హెచ్చరిక పంపవలసి ఉంటుంది. దూరపు తీరాలకు మాత్రం సముద్రంలోని కొలతలు చూచి నిర్ణయిస్తారు. నికోబారుకు ఒక న్యాయం, విశాఖపట్నానికి ఒక న్యాయం కావడానికి కారణం కాలమే.

తొలి నిముషాలలోని అంచనా ఎంత తప్పు కావచ్చునో కూడా 2004లో చూశాము. పసిఫిక్ సునామీ కేంద్రం పావుగంటలో ఇచ్చిన మొదటి అంచనా 8.0. గంట గడిచాక అది 8.5 అయింది. అసలు పరిమాణం 9.1 అని పిమ్మట తేలింది. 8.0కు, 9.1కి నడుమ విడుదలయ్యే శక్తిలో తేడా నలభై రెట్లకు పైమాట. యంత్రాలు అబద్ధమాడలేదు. దీర్ఘమైన చీలికను సాధారణ పద్ధతితో కొలిస్తే అది చిన్నదిగా కనబడుతుంది, అంతే. ఇప్పుడు అండమాన్ నికోబారు దీవులలో పలుచోట్ల ఉపగ్రహ సంకేతాలతో నేల కదలికను కొలిచే సాధనాలను నెలకొల్పడం ఈ లోటును పూడ్చడానికే.

2012 ఏప్రిల్ 11న సుమత్రా పడమటి సముద్రంలో 8.6 పరిమాణం గల భూకంపం వచ్చింది. సంఖ్యను మాత్రమే చూచినవారు 2004 పునరావృతమవుతుందని భయపడటం సహజం. కాని ఆనాడు భూఖండాలు పైకి క్రిందికి కాక, ఒకదాని ప్రక్క ఒకటి అడ్డంగా జరిగాయి. నీటిని పైకి ఎత్తే కదలిక అందులో స్వల్పం. వచ్చిన సునామీ కూడా స్వల్పమే. హెచ్చరిక ఎవరికి పంపాలి, ఎప్పుడు ఉపసంహరించాలి అన్నది నిముషాలలో తేల్చుకొనవలసిన ఘడియ అది. సంఖ్యను పుట్టించేది కంప్యూటరు. దాని వెనుక ఎటువంటి కదలిక ఉన్నదని ప్రశ్నించేది భౌతికశాస్త్రం. రెండింటిలో ఏది లోపించినా, లక్షల జనాన్ని అకారణంగా పరుగెత్తించడమో, పరుగెత్తవలసినవారిని ఇంట కూర్చోబెట్టడమో జరుగుతుంది.

నూట ఇరవై ఏళ్ళ నాటి కాగితాలు

కొలతలను జాగ్రత్త పరచడం ఎంత ముఖ్యమో తెలిపే మరొక ఉదంతం కూడా ఆ దీవులలోనిదే. 1881 డిసెంబరు 31న కార్ నికోబారు వద్ద పెద్ద భూకంపం వచ్చింది. అప్పటికే పోర్టు బ్లెయిరు, మద్రాసు, నాగపట్నం మొదలైన రేవులలో ఆటుపోట్లను కాగితంపై గీసే యంత్రాలు ఉండేవి. మీటరుకన్న తక్కువ ఎత్తు గల ఆ సునామీ కెరటాలను అవి గీసి ఉంచాయి. ఆనాటి ఉద్యోగులు ఆ వివరాలను శ్రద్ధగా ప్రకటించారు. నూట ఇరవై ఏళ్ళ తరువాత, 2003లో, ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ గీతలను కంప్యూటరు లెక్కలతో సరిపోల్చి, ఆ భూకంప పరిమాణం సుమారు 7.9 అని, సముద్రగర్భంలో ఏ భాగం కదిలినదో కూడా నిర్ణయించారు. ఆ కాగితాలు గీసినవారికి కంప్యూటరు అన్న మాటయే తెలియదు. కాని ఎప్పుడు, ఎక్కడ, ఏ కొలతలో అన్నవి స్పష్టంగా వ్రాయాలన్న నియమం వారికి తెలుసు. నేటి శిక్షణలో మొదటి పాఠం ఇప్పటికీ అదే.

నేర్పేది ఏమిటి?

భౌతిక శాస్త్రజ్ఞులకు కంప్యూటరు విద్య ప్రత్యేకంగా నేర్పాలన్న ఆలోచన కొత్తది కాదు. యూరపులోని అణు పరిశోధనా సంస్థ సెర్న్ 1970లోనే ఇందుకై ఒక పాఠశాలను ఆరంభించి నేటికీ నడుపుతున్నది. 1998లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో మొదలైన సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ ఉద్యమం తరువాత దేశదేశాలకు వ్యాపించింది. ఆ పేరులో వడ్రంగం ఉండడం గమనించదగినది. మేడలు కట్టే ఇంజనీరు విద్య కాదు, ఉలి, సుత్తి సరిగా పట్టే నేర్పు అందులో బోధిస్తారు. ప్రోగ్రామును చిన్న భాగాలుగా వ్రాయడం, సమాధానం ముందే తెలిసిన ప్రశ్నతో దానిని పరీక్షించడం, ఏ మార్పు ఎవరు ఎప్పుడు చేశారో నమోదు చేయడం, పరాయివాడు తిరిగి చేసినా అదే ఫలితం వచ్చేట్లు దారి వదలడం: ఇవే ఆ నేర్పులు.

సముద్ర విజ్ఞానానికి సంబంధించి ఇటువంటి శిక్షణ హైదరాబాదులోనే లభిస్తున్నది. సముద్ర సమాచార కేంద్రపు ప్రాంగణంలోని అంతర్జాతీయ శిక్షణ కేంద్రానికి యునెస్కో అనుబంధ హోదా కల్పించే ప్రతిపాదనను 2018లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. మన దేశంవారే గాక, హిందూ మహాసముద్ర తీరదేశాలవారు కూడా అక్కడకు వచ్చి సముద్రపు కొలతలను పరిష్కరించడం, కంప్యూటరు నమూనాలు నడపడం అభ్యసిస్తున్నారు. ఇక పోర్టు బ్లెయిరులో పాండిచ్చేరి విశ్వవిద్యాలయపు ప్రాంగణం ఉన్నది. సముద్ర అధ్యయనం అక్కడ ప్రధాన విషయం.

ఒకప్పుడు దీవులలోని విద్యార్థికి పెద్ద అడ్డంకి దూరం. ఉపగ్రహం మీదుగా వచ్చే కొద్దిపాటి సంబంధంతో పెద్ద పటం ఒకటి తెచ్చుకోవడమే గగనం. 2020 ఆగస్టు 10న చెన్నైనుండి ఆ దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున సముద్రగర్భ కేబులు ప్రారంభమయింది. ఇప్పుడు కొలతలు దీవులనుండి హైదరాబాదుకు, పాఠాలు హైదరాబాదునుండి దీవులకు రాగల మార్గం ఏర్పడినది. మార్గం ఉన్నంత మాత్రాన ప్రయాణికులు ఉంటారని కాదు. కేబులు వేయడం ప్రభుత్వం పని. దానికి రెండు కొసలా తెలిసిన మనిషిని కూర్చోబెట్టడం విద్యాలయాల పని. ఫిజిక్సు పాఠం ఒక గదిలో, కంప్యూటరు పాఠం మరొక గదిలో చెప్పి, రెండింటినీ విద్యార్థియే కలుపుకొంటాడులే అని ఊరుకుంటే ఆ కలయిక జరగదు. ఒకే లెక్కలో, ఒకే బల్లవద్ద రెండూ నేర్పాలి.

తండ్రిగారికి సమాధానం

అయ్యా, మీ అమ్మాయిని ఫిజిక్సు మానమని చెప్పకండి. కంప్యూటరు నేర్వవద్దని కూడా చెప్పకండి. ప్రోగ్రాములు వ్రాయడం తెలిసినవారు దేశంలో అనేకులు ఉన్నారు. సముద్రం చెప్పే సంఖ్యను చూచి, "ఇది నిజమేనా?" అని అడగగలవారే తక్కువ. చేపపిల్లకు ఈత నేర్పాలా అంటారు. మీ ఇంటి బిడ్డకు సముద్రాన్ని పరిచయం చేయవలసిన పని లేదు. కాని సముద్రాన్ని లెక్కించడం పుట్టుకతో రాదు. దానిని ఓర్పుగా, ఒకరివద్ద కూర్చుని నేర్వవలసినదే. ఏనాడో ఒక ఉదయాన నికోబారుకు పది నిముషాలలో కబురు పంపవలసి వచ్చినప్పుడు, ఆ బల్లవద్ద కూర్చున్నది ఆ దీవుల బిడ్డయే అయితే అంతకంటె కావలసినది ఏమున్నది?

సెలవులలో ఆమెకు ఒక చిన్న పని అప్పగించండి. మీ రేవుకు సంబంధించిన ఆటుపోట్ల పట్టిక ఒకటి సంపాదించమనండి. రేవులో పాతిన కొయ్యకు గుర్తులు పెట్టి, పది రోజులపాటు నీటి ఎత్తును గంటగంటకూ వ్రాయమనండి. పిదప రెండింటినీ కంప్యూటరుపై ప్రక్కప్రక్కన గీయమనండి. గీతలు కలవకపోతే సముద్రాన్ని గాని, పట్టికను గాని తప్పు పట్టడానికి తొందరపడవద్దనండి.

ముందుగా తన చేతి గడియారాన్ని చూచుకొమ్మనండి.